పెనాంగ్ దారిలో బత్తాయిలు

ఫోన్ మోగినప్పుడు ప్రేమ్‌రాజ్ ఉస్మానియా బిస్కెట్‌ను చాయ్‌లో ముంచి, అది విరిగి పడేలోగా మాబెల్ నోటికి అందించే ప్రయత్నంలో ఉన్నాడు. పెళ్లయి మూడు నెలలు. అతనికి అరవై నాలుగేళ్లు, ఆమెకు యాభై ఎనిమిది.

"అంకుల్, వచ్చేసింది!" అని అరిచాడు ఆబిడ్స్‌లో వీసా ఏజెన్సీ నడిపే విజయ్ కుమార్. "మలేషియావాళ్లు ఓకే అన్నరు. రిటైర్ అయినోళ్ల వీసా, లాంగ్ స్టే. మీరిద్దరు ఏండ్లకేండ్లు హాయిగ పెనాంగ్‌ల ఉండొచ్చు. హెల్త్ ఇన్సూరెన్స్ ఒక్కటి చూపిస్తే స్టాంప్ పడ్తది."

బిస్కెట్ విరిగి చాయ్‌లో మునిగింది. ఇద్దరూ దానికేసి చూసి, చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు.

అది రెండు వేల నాలుగో సంవత్సరం. ఆదివారం పూట ఆబిడ్స్‌లో షాపులు మూతపడితే ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరుచుకునే రోజులు. ఆ ఫుట్‌పాత్ మీదే ఒక పాత అట్లాసును ప్రేమ్‌రాజ్ ఒక వైపు, మాబెల్ ఇంకో వైపు పట్టుకున్నారు. డబ్బు అతను ఇచ్చాడు, పుస్తకం ఆమె తీసుకుంది. దాన్ని వేర్వేరు ఇళ్లలో చూడటం కుదరదని కొన్నాళ్లకు తేలింది.

ప్రేమ్‌రాజ్ నాంపల్లి స్టేషన్ కౌంటర్‌లో కూర్చుని ఊరందరికీ టిక్కెట్లు కొట్టినవాడు. మొదటి భార్య పోయాక ఎక్కడికీ వెళ్లాలనిపించలేదు. మాబెల్ చాపెల్ రోడ్డు దగ్గరి మిషన్ బడిలో భూగోళం చెప్పింది. ఏటా బోర్డు మీద మలయా ద్వీపకల్పాన్ని మునక్కాడలా వేలాడదీసి, పక్కన పెనాంగ్ అని సుద్దతో ఒక చుక్క పెట్టేది. ఆ చుక్క మీద నిలబడాలని ఆమె కోరిక. తను చూసిన సముద్రమల్లా మచిలీపట్నంలో ఒకసారి, అదీ వర్షంలో.

"అంతా అయ్యేదాకా చర్చిలో ఎవరికీ చెప్పొద్దు టీచరమ్మా," అన్నాడు ప్రేమ్‌రాజ్. "ఈ వయసుల పెండ్లి చేసుకున్నందుకే ఏడాదికి సరిపడ ముచ్చట్లు నడిచినయ్."

"నేనెందుకు చెప్తాను ప్రేమ్‌రాజ్ గారూ," అంది మాబెల్. మొగుణ్ని ఇంకా గారు అనే పిలుస్తోంది. ఆ పిలుపు వినడానికే అతను ఒక్కోసారి వినపడనట్టు నటించేవాడు.

ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున రాజమల్లు వచ్చాడు. మాబెల్‌కు అక్కడికక్కడే కాగితాలు రాసుకున్నాడు. ప్రేమ్‌రాజ్ వయసు చూసి పెన్ను మూసేశాడు.

"అరవై దాటినోళ్లకు టెస్టులు లేకుండ మా ఆఫీసు పాలసీ ఇయ్యది సార్. ఈసీజీ, షుగరు, రక్తం అన్నీ చూస్తరు. జర గుడ ఫికర్ చెయ్యకుండ్రి. రిపోర్టులు రాంగనే ఇంటికొచ్చి సంతకం తీస్కుంట."

ప్రేమ్‌రాజ్ ఫికర్ చెయ్యలేదు. రోజూ పబ్లిక్ గార్డెన్ చుట్టూ నడిచే మనిషి. ఫికరంతా మాబెల్‌ది. పరీక్ష అన్నాక ప్రార్థన లేకుండా ఎలా? ఆదివారం చర్చిలో ప్రార్థన మనవుల పెట్టెలో ఒక చీటీ వేసింది. పెనాంగ్ పేరెత్తకూడదు కనుక ఒక్క వాక్యమే రాసింది: ప్రేమ్‌రాజ్ గారి వైద్య పరీక్షల కోసం సంఘం ప్రార్థించాలి.

పాస్టర్ గారిది పుట్టుకతోనే గద్గద స్వరం. పెళ్లి ప్రకటన చదివినా ముందు బెంచీలవాళ్లు కళ్లొత్తుకోవడానికి కొంగులు తీసేవారు. ఆ చీటీ చదివి, ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ఆరాధన ముగియగానే స్త్రీల సమాజం సెక్రటరీ సోఫియా పరుగున వచ్చింది. "అంకుల్, ఎప్పటిసంది?"

"ఏది ఎప్పటిసంది?"

"చెప్పకుండ్రి. చెప్పాల్సిన పని లేదు. కొత్త పెండ్లికూతురు, పాపం ఆంటీ!"

"నాకేం లేదమ్మా. ఉత్త టెస్టులే."

"మా మామయ్యకు గూడ ఉత్త టెస్టులే అన్నరు అంకుల్," అంటూ సోఫియా కళ్లు ఒత్తుకుంది.

ఎందుకు టెస్టులో చెబితే పెనాంగ్ బయటపడుతుంది. చెప్పకపోతే రోగం ఖాయం. ప్రేమ్‌రాజ్ గట్టిగా నవ్వి ఆరోగ్యం నిరూపించబోయాడు. "ఎంత ధైర్యం!" అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు.

సోమవారం నుంచి స్టేషన్ వెనకాల ఆ రెండు గదుల ఇంటికి బత్తాయిలు రావడం మొదలైంది. బత్తాయిల వెనక బ్రెడ్డు, బ్రెడ్డు వెనక హార్లిక్స్. బత్తాయిలు మొదట పళ్లెంలో, తర్వాత బకెట్లో, చివరికి మాబెల్ పెళ్లి పెట్టెలో సర్దుకున్నాయి. ఇద్దరూ రాత్రుళ్లు ఒకరికొకరు తొనలు వలిచి పెట్టుకుంటూ, రోగం కూడా ఇంత రుచిగా ఉంటుందా అనుకున్నారు. టెస్టులు జరిగాయి. అన్నీ బాగున్నాయని డాక్టరు వీపు తట్టి పంపాడు. ఆ మాట చెబితే సోఫియా, "డాక్టర్లు ముఖం మీద చెప్తరా అంకుల్?" అంది.

గురువారం సాయంత్రం స్త్రీల సమాజమంతా ప్రార్థనకు వచ్చింది. తల మీద చేతులుంచి ప్రార్థించాలంటే మనిషి పడుకోవాలన్నారు. ప్రేమ్‌రాజ్ పడుకున్నాడు. పడుకున్నాక దుప్పటి కప్పారు. పాస్టర్ గారు తల మీద చెయ్యి వేసి, తన గొంతుతో మొదలుపెట్టారు. గదంతా వెక్కిళ్లు.

సరిగ్గా అప్పుడే రాజమల్లు సంచీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. మంచం చూశాడు, దుప్పటి చూశాడు, మెల్లగా చెప్పులు విప్పాడు. ఎవరో అతని చేతిలో పాటల పుస్తకం పెట్టారు. పాట అయ్యేదాకా తల వంచుకుని నిలబడ్డాడు.

"మీరెవరు అన్నా?" అంది సోఫియా.

"ఇన్సూరెన్స్‌కెల్లి వచ్చినమ్మా."

"అయ్యో, అయితే జల్ది చెయ్యన్నా. టైం లేదు!"

రాజమల్లు వెనక్కి తిరిగాడు. ప్రేమ్‌రాజ్ దుప్పటి విసిరికొట్టి ఒక్క దూకు దూకాడు. "రాజమల్లూ! ఆగయ్యా!"

"లేచిండు! అంకుల్ లేచిండు!" స్తోత్రాలతో ఇల్లు మారుమోగింది. పదిమంది అతన్ని పట్టుకుని, అంత తొందర వద్దంటూ మళ్లీ పడుకోబెట్టారు.

శనివారం పొద్దున కంపెనీ కాగితం వచ్చింది. మాబెల్‌కు పాలసీ, ప్రేమ్‌రాజ్‌కు నిరాకరణ. ప్రేమ్‌రాజ్ వెంటనే ఫోన్ చేశాడు.

"రిపోర్టులు మంచిగనే ఉన్నయ్ సార్," అన్నాడు రాజమల్లు జాలిగా. "కానీ నా కండ్లతోని చూసిన గద. మీకు బాధ కావొద్దని బీమారి మాట ఒక్క ముక్క రాయనియ్యలే. వయసు ఎక్కువైందని మాత్రమే రాపిచ్చిన."

"నాకే బీమారీ లేదయ్యా!"

"ఔ సార్. మా నాయన గూడ ఆఖరికి గట్లనే అన్నడు. పైలం."

మాబెల్ అట్లాసు తెరిచింది. పెనాంగ్ మీద వేలు పెట్టింది. "నా చీటీయే కొంప ముంచింది ప్రేమ్‌రాజ్ గారూ. బోర్డు మీది చుక్కే నాకు రాసిపెట్టి ఉంది కాబోలు," అని పుస్తకం మూసింది.

ప్రేమ్‌రాజ్ ఆ పుస్తకం చంకలో పెట్టుకున్నాడు. "వెయిటింగ్ లిస్టోళ్లకు నేనొకటే చెప్పేటోన్ని. చార్టు పడేదాక ఇంటికి పోవద్దని. నడువు, ఆబిడ్స్ పోదాం."

విజయ్ కుమార్ కాగితం చదివి కుర్చీలోంచి లేచాడు. "వయసు ఎక్కువని కంపెనీయే రాసిచ్చిందా? అంకుల్, గిది చాలు! వయసుకు పాలసీ దొరకనోళ్లకు ఇన్సూరెన్స్ మాఫీ ఉంది, గది లేకుండనే స్టాంప్ పడ్తది. బీమారి అని రాసుంటే పెద్ద లొల్లి అయ్యేది."

"ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదయ్యా!"

"మిమ్మల్ని చూస్తే యాభై దాటినట్టు లేరు అంకుల్. మీకు ముసలోడని ఎవరు రాసిస్తరు?"

వారం మొత్తంలో డాక్టరు కాక ప్రేమ్‌రాజ్ ఆరోగ్యాన్ని నమ్మిన మనిషి అతనొక్కడే. ఆ ఆనందంలో ఇద్దరూ ఒక్క ప్లేటు సమోసా తెప్పించుకుని, ఆఖరి ముక్క నువ్వంటే నువ్వని చల్లారబెట్టారు.

ఇంటికొచ్చేసరికి మెట్ల మీద సోఫియా. ఇక దాచాల్సిన పని లేదు. "మేం పెనాంగ్ పోతున్నమమ్మా. ఉండనీకి. సముద్రం పక్కన," అన్నాడు ప్రేమ్‌రాజ్ ఛాతీ విరిచి.

సోఫియా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కళ్లు నిండాయి. "గాలి మార్పుకా అంకుల్? మా మామయ్యకు గూడ ఆఖరికి గదే చెప్పిన్రు." కొంగుతో ముఖం తుడుచుకుని, సెక్రటరీ గొంతుతో ప్రకటించింది: "రేపు ఆరాధన అయినంక మీకు వీడ్కోలు కూడిక. అందరికి బిర్యానీ. పాస్టర్ గారు మాట్లాడ్తరు."

ప్రేమ్‌రాజ్ భార్య ముఖం చూసి, సరేనన్నాడు. బత్తాయిలు మాత్రం తేవద్దన్నాడు.