ఏటివంపు వంతెన

ఒక పెద్ద అడవిలో పారే ఏరు ఒకచోట తిన్నగా పోవడానికి బద్ధకమేసినట్టు గుండ్రంగా మెలిక తిరిగింది. ఆ మెలికలో ఉన్న ఊరు ఏటివంపు. మూడు పక్కలా నీళ్ళు. నాలుగో పక్క మాత్రం కుండ మెడలాంటి సన్నటి ఇసుక నేల. ఊరివాళ్ళు దాని మీదుగానే అడవిలోకి వెళ్ళి వచ్చేవారు.

కుందేలు సూరమ్మది ఆ ఊరే. కూతురు మంగని ఏటి అవతల రెల్లుదిబ్బకిచ్చింది. పెళ్ళినాటికి ఏరు మోకాటి లోతే. ఆ ఏడు వానలకి నీళ్ళొచ్చాయి, నీళ్ళతోపాటు మొసళ్ళూ వచ్చి మకాం వేశాయి. అప్పట్నుంచీ తల్లీ కూతుళ్ళు చెరో గట్టునా నిలబడి చెవులూపుకోవడమే.

తనకి నెల తప్పిందని ఓ రోజు మంగ అవతలి గట్టునుంచి సైగ చేసింది. సూరమ్మ పరుగున ప్రెసిడెంటు దగ్గరికెళ్ళింది.

ప్రెసిడెంటంటే నక్క పరదేశయ్య. కాపురం అడవి నడిబొడ్డున, సింహం రాజుగారి గుహ పక్కన. ఓట్లప్పుడూ, దండలేయించుకునేటప్పుడూ తప్ప ఏటివంపులో అడుగు పెట్టడు.

“తొలికాన్పు పుట్టింట్లో చెయ్యాలి కదండీ పెసిడెంటు గారూ! మా పిల్లని తెచ్చుకోడానికి ఓ వంతెన ఏయించండి బాబూ.”

“ఎంతమాట సూరమ్మక్కా! నీ కూతురు నా కూతురు కాదూ?” అని పరదేశయ్య లేని కన్నీళ్ళు ఒత్తుకున్నాడు.

అర్జీ రాజుగారి దాకా వెళ్ళింది. రాజుగారు లేచారు, తిన్నారు, మళ్ళీ పడుకున్నారు. మంగ తొలికాన్పు అత్తారింట్లోనే అయిపోయింది. శంకుస్థాపన నాటికి రెండో కాన్పూ అయింది. కుందేళ్ళు ఫైళ్ళ కోసం ఆగవు కదా! సూరమ్మ మాత్రం బాలింత కూతురికని కాయం ఉండలు చేస్తూనే ఉంది. బూజు పడితే పారేసి, ముక్కు తుడుచుకుని, మళ్ళీ చేస్తూనే ఉంది.

కాంట్రాక్టు అడవిపంది గవర్రాజుకి దక్కింది. ఏటి ఒడ్డుకొచ్చి చూశాడు. నీళ్ళ మీద తేలుతున్న కళ్ళన్నీ అతన్నే చూస్తున్నాయి.

“ఇందులో దిగి స్తంభాలెవడు పాతుతాడండీ? మా ఆవిడికి నేనొక్కణ్ణే మొగుణ్ణి!”

ఇంజనీరు కోతి తల గోక్కుంది. “మంజూరైంది వంతెన. అది నీళ్ళ మీదే ఉండాలని ఎవరన్నారు? ఇసుక మెడ మీద పొడినేల ఉందిగా, హాయిగా అక్కడ కట్టేద్దాం.”

“మరి ఏరో?” అంది సూరమ్మ బిక్కమొహం వేసుకుని.

“వస్తుందిలేవమ్మా. వంతెనంటూ ఉంటే ఏరు ఎక్కడికి పోతుంది?”

కట్టేశారు. రంగులేశారు. ఊరివాళ్ళు దాని కిందనుంచి నడిచి పోతూ, తలెత్తి చూసి మురిసిపోయేవారు. కొందరు దాని నీడలో చేపల సంత కూడా పెట్టేశారు.

సూరమ్మకి ఒళ్ళు మండిపోయింది. పరదేశయ్య దండలేయించుకోడానికొచ్చిన సభలో లేచి అడిగేసింది. “నా కూతురు ఆ పక్కనుంటే వంతెన ఈ పక్క కట్టారేంటండీ? ఇదెక్కి నేనెక్కడికి పోవాలి?”

“ఊరంతా బాగుపడుతుంటే నీ ఒక్క కూతురి గోలేనా అక్కా? ఇంత స్వార్థం పనికిరాదు,” అన్నాడు పరదేశయ్య. సభ చప్పట్లు కొట్టింది. అక్కడే ఏడిస్తే అభివృద్ధికి అడ్డం పడ్డావంటారని, పాపం సూరమ్మ ఇంటికి పోయి ఏడ్చింది.

ఇంతలో ప్రారంభోత్సవానికి రాజుగారు స్వయంగా వస్తున్నారని తెలిసింది. పరదేశయ్య గవర్రాజుని పిలిపించాడు. వంతెన కింద నీళ్ళు లేకపోతే పరువేం కాను?

“మెడకి అడ్డంగా కాలవ తవ్వేస్తాను,” అన్నాడు గవర్రాజు. “ఆ పూటకి నీళ్ళు పారిద్దాం. రాజుగారు అటెళ్ళగానే పూడ్చేద్దాం.” తవ్వడం వాళ్ళ ఇంటి విద్య. రెండు పక్కలా ఏటిని కలుపుతూ తవ్వేశాడు.

వానాకాలం. అడవి వైపు రాజుగారు నిలబడ్డారు. ఊరి వైపు పరదేశయ్య దండ పట్టుకుని నిలబడ్డాడు. కోతి గండి కొట్టింది.

ఇన్నాళ్ళూ ఊరి చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయిన ఏరు, అడ్డదారి కనబడగానే ఒక్క ఊపున దూకింది. గట్లు కోసుకుపోయాయి. కాలవ చూస్తూ చూస్తూ ఏరైపోయింది. ఇసుకలో పాతిన స్తంభాలు ఒరిగి, వంతెన మర్యాదగా కూర్చుండిపోయింది. మొసళ్ళు కూడా కొత్త ఇంటికి మారిపోయాయి. రాజుగారు అంతా చూసి, “బాగుంది,” అని భోజనానికి వెళ్ళిపోయారు.

వానలు వెలిసేసరికి పాత ఏరు ఎండి ఇసుకైపోయింది. సూరమ్మకి నమ్మకం కుదరక ముందు ఒక కాలు పెట్టి చూసింది. ఆ తర్వాత చూసుకోలేదు, ఒక్కటే పరుగు. మూడో కాన్పుకి సిద్ధంగా ఉన్న మంగనీ, పేర్లు కూడా తెలియని మనవలనీ వెంటబెట్టుకుని, నవ్వుతూ ఏడుస్తూ ఊళ్ళోకి తెచ్చుకుంది.

పరదేశయ్య మాత్రం కొత్త ఏటికి అవతల, అడవిలో ఉన్న పెళ్ళాం పిల్లలకి దూరమై, ఏటివంపులో ఇరుక్కుపోయాడు.

“సూరమ్మక్కా! నీ కోసం ఏటినే మళ్ళించాను, చూశావుగా. ఇప్పుడు నేను ఇల్లు చేరాలి. మన ఊరికి వంతెన కావాలని రాజుగారికి ఓ అర్జీ పెట్టించు.”

“అలాగే పెడదామండీ,” అంది సూరమ్మ, మనవడి చెవులు దువ్వుతూ. “కానీ పెసిడెంటు గారూ, అది పట్టుకుని ఏరు దాటేదెవరండీ?”

నీతి: అభివృద్ధి బీదవాళ్ళ గడప దాకా తప్పకుండా వస్తుంది, దారి తప్పితే.