ఫ్యాన్లు సిద్ధమన్న జవాబు

ఇందుకూరుపేట రొయ్యల గుంటల్లో నీటిని చిలికి గాలి పట్టించే ఫ్యాన్లను ఇకపై మనుషులు ముట్టనక్కరలేదని నెల్లూరులోని ఒక కంపెనీ సగర్వంగా ప్రకటించింది. నీటిలో ప్రాణవాయువు తగ్గితే గుంటలోని పరికరం ఆఫీసు ప్రోగ్రాముకు కబురు పెడుతుంది. ప్రోగ్రాము ఫ్యాన్లను 'సిద్ధమా?' అని అడిగి, జవాబు రాగానే తిప్పుతుంది. రైతులు తొందరపడకుండా స్విచ్చులకు సీలు వేశారు. సీలు తెంచినవారికి పంట పోతే నష్టపరిహారం ఉండదు.

మబ్బు పట్టిన ఒక ఉదయం రైతు ఖుర్షీదా గుంటలో ప్రాణవాయువు తగ్గినా ఫ్యాన్లు తిరగలేదు. ఆఫీసు తెర మీద మాత్రం 'పని జరుగుచున్నది' అని ఉంది. లోపమేదీ నమోదు కానందుకు మేనేజరు జయకుమార్ గారు సిబ్బందిని అభినందించారు.

ప్రోగ్రాము చూసే షఫీక్‌కు ఆ అభినందన మింగుడుపడలేదు. వెదకగా సంగతి తెలిసింది. ప్రోగ్రాములో కబుర్లు అందుకునే భాగం ఒక్కటే. అది గుంట కబురు అందుకుని, ఫ్యాన్లను అడిగి, జవాబు కోసం కదలకుండా నిలబడిపోయింది. జవాబు ఎప్పుడో వచ్చి గుమ్మంలో నిలుచుంది. దాన్ని లోపలికి పిలవవలసింది, దానికోసమే ఎదురుచూస్తున్న ఆ భాగమే. అడిగిన భాగానిదీ తప్పు కాదు, వచ్చిన జవాబుదీ తప్పు కాదు. షఫీక్‌ను భయపెట్టింది అదే.

"ఫ్యాన్లను అడిగేసి ఆ భాగాన్ని తన పని చూసుకోమందాం సార్. జవాబొచ్చినప్పుడు అందుకుంటుంది. ఒక్క లైను మారిస్తే చాలు," అని మీటింగులో జయకుమార్ గారికి చెప్పాడు.

అలా నిలబడాలన్న నియమం జయకుమార్ గారిదే. ఆయన లేచి ప్రసంగించారు: "జవాబు రాకుండా కదలడమా! నిలబడడమే బాధ్యత! మార్పుకు హైదరాబాదు అనుమతి అడిగినాం. అది వచ్చేదాకా నేనీ గది వదిలేది లేదు!"

చప్పట్లు మోగాయి.

"ఆ మెయిలు పక్క గదిలో మీ కంప్యూటరుకే గదా సార్ వచ్చేది? మీరు పోయి చూస్తేనే గదా..."

"అనుమతి రాకుండా మీటింగు వదిలి ఎట్లా పోయేదబ్బాయ్?"

అంతలో షఫీక్ ఫోను మోగింది. ఖుర్షీదా.

"షఫీకూ, రొయ్యలు గట్టు కాడికొచ్చి తేలతా ఉండాయి. సీలు పీకి స్విచ్చి వేసేదా? పంటంతా పోయేట్టుంది నాయనా!"

వెయ్యమనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఒక్క నిమిషం లైన్లో ఉండక్కా. సార్ని అడిగి చెప్తా."

జయకుమార్ గారు ఆగమన్నట్లు వేలెత్తారు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని షఫీక్ నిలబడ్డాడు. తాను పట్టుకున్న లోపం ఎలా ఉంటుందో ఇప్పుడు లోపలినుంచి చూశాడు. చూసి, నిలబడే ఉన్నాడు.

సాయంత్రానికి నివేదిక సిద్ధమైంది. ఎవరూ స్థానం వదలలేదు, ఎవరూ నియమం మీరలేదు. ఖుర్షీదా సైతం స్విచ్చు పక్కనే నిలబడి, చివరిదాకా ఫోను పెట్టెయ్యలేదు. క్రమం తప్పినవి రొయ్యలు మాత్రమే. ఎదురుచూడటంలో మనకున్న అభ్యాసం వాటికి లేకపోయింది.