ఒకటే ముల్లు, రెండు రోగాలు

బహదూర్‌పురా సర్కారు దవాఖానకు రోగిని ముట్టకుండానే రోగం పట్టే యంత్రం వచ్చిందని ప్రజలకు సంతోషంతో తెలియజేయడమైనది. సూది గుచ్చరు, నెత్తురు తియ్యరు. రబ్బరు గొట్టంలో ఊదితే చాలు, షుగరు ముదిరిన ఊపిరికి ముల్లు ఎర్రగీత దాటుతుంది. వాసన ఒకటే గనుక సారా తాగిన ఊపిరికీ దాటుతుంది. ఏది ఏదో తేల్చే పని డాక్టర్ల విజ్ఞతకు వదిలారు. డాక్టరు శ్రీహరిరావుగారికి విజ్ఞతకేం కొదవ?

మురుగు మోరీలు తీసే మైసయ్య వరసలో నిలబడి చూస్తుండగా, పెద్దాఫీసరు ఆదిశేషయ్యగారు కొబ్బరికాయ కొట్టి మొదటగా ఊదారు. రాత్రి క్లబ్బులో పుచ్చుకున్నది ఇంకా కళ్ళల్లో ఎర్రగానే ఉంది. ముల్లు గీత దాటింది.

"షుగరండీ! బుర్రతో పనిచేసేవారికే వస్తుంది," అన్నారు డాక్టరుగారు.

"ప్రజాసేవలో ఈమాత్రం భరించలేమా!" అని ఆదిశేషయ్యగారు దండ వేయించుకుని, చప్పట్ల మధ్య సెలవు మీద వెళ్ళారు.

తర్వాత మైసయ్య. జన్మలో కల్లు కూడా ముట్టనివాడని బస్తీలో నవ్వులపాలైన మనిషి. ఎన్ని నీళ్ళు తాగినా దూప తీరదు, కాలి పుండు మానదు, మనిషి చీపురుపుల్లయ్యాడు. "పోయి ఊదిరా పో. నీకేమన్నయితే మాకు దిక్కెవలు?" అని భార్య ఆగమ్మ తరిమితే వచ్చాడు. ఊదాడు. ముల్లు అదే గీత దాటింది.

డాక్టరుగారు మైసయ్య చొక్కా చూశారు. "పొద్దున్నే పట్టించావా?"

"లే సారూ, పోశమ్మ తోడు! జర నా కాలు చూడుండ్రి."

"నోరు గుప్పుమంటుంటే ఒట్లొకటా!"

"ఆ సారు ఊదితే గూడ ముల్లు గాడికే వాయె గద?"

"ఆయనతో నీకు పోలికేంటయ్యా? నీ మొహానికి షుగరు కూడానా! చక్కెర దండిగా వేసి నిమ్మ షర్బత్తు తాగు, దిగుతుంది."

అంత చదివినాయన అంటుంటే, తాగే ఉంటానా అని మైసయ్యకే అనుమానమొచ్చింది. ఆగమ్మ పూటపూటా షర్బత్తు కలిపి తాగించింది. డాక్టరు మాట జవదాటే ఇల్లు కాదది.

ఆ వారంలోనే మైసయ్య పత్తర్‌గట్టి బజారులో రొప్పుతూ కూలబడ్డాడు.

"అన్నా, మా ఆయన తాగలేదన్నా! జర లేపుండ్రే!" అని ఆగమ్మ అందరి కాళ్ళకూ అడ్డం పడింది.

"పీకే గిరా, ఛోడో భాయ్," అన్నాడొక దుకాణదారు, తాగి పడ్డాడని తేల్చేస్తూ.

జనంలో చదువుకున్నవాళ్ళున్నారు, దయగలవాళ్ళున్నారు. ఎవరికీ యంత్రం అవసరం పడలేదు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, రొప్పు ఆగిపోయేదాకా మైసయ్యను చుట్టుకుని నడిచారు. మీరైతే వంగి లేపేవారే. పాపం, ఆవేళ మీకు బస్సు టైమయింది.