ఎనిమిది బి సంధిపర్వం

బుధవారం ఉదయం పదకొండుంబావుకు, నాలుగో పీరియడ్ గంట మోగిన వెంటనే, ఎనిమిదో తరగతి బి సెక్షన్‌లో రెండు రాజ్యాల మధ్య యుద్ధం మొదలైంది. కిటికీ వైపు బెంచీలది ఎండ రాజ్యం. గోడ వైపు బెంచీలది నీడ రాజ్యం. పేర్లు పిల్లలే పెట్టుకున్నారు. మధ్య వరస బెంచీలు నది. నదిలో కూర్చునేవాళ్లను ఇరు రాజ్యాలూ అంతకుముందే పంచుకున్నాయి.

ఈ రణమునకు సూత్రధారిణి చరిత్ర టీచరమ్మ. ఏళ్ల తరబడి సుద్దముక్కయే శరముగా, డస్టరే డాలుగా ధరించి, సామ్రాజ్యాల ఉత్థానపతనాలను బోర్డు మీద రాసి, పిల్లల చేత నోటుపుస్తకాల్లోకి ఎక్కించి, పరీక్షనాడు వాటినే కప్పముగా తిరిగి స్వీకరించిన ఆ వీరవనిత, మొన్నటి పేపర్లు దిద్దుతూ దిద్దుతూ అస్త్రసన్యాసం చేసింది. కారణం ఒక్క అక్షరం. 'శత్రువులు కోట గోడలు కూల్చారు' అని బోర్డు మీద రాయబోయి, పొరపాటున 'కోట గొడవలు కూల్చారు' అని రాసింది. తరగతి మొత్తం పరీక్షలో అదే రాసింది. కోటకు గొడవలేమిటి, వాటిని కూల్చడమేమిటి అని ఒక్కరూ అడగలేదు.

బోర్డు లేకుండా, పిల్లల చేతే పాఠం నడిపిస్తానని ఆమె హెడ్మాస్టరు గారిని కోరింది. హెడ్మాస్టరు గారు ఒకప్పటి తెలుగు పండితులు. పదోన్నతి అనే శాపం తగిలి, తాళంచెవుల గుత్తికీ టైంటేబుల్‌కూ బందీ అయినవారు. ఆయన ఒక్క పీరియడ్ ఇచ్చారు. వెనక కుర్చీలో తానే కూర్చుంటానన్నారు. గంట కొట్టేలోగా యుద్ధం పాఠంలో ఉన్నట్టే, ఓడిన రాజు కోట అప్పగించే సంధితో ముగియాలి. ఓడిన రాజు ఆ సంధికి ఎందుకు ఒప్పుకున్నాడో పిల్లల్లో ఎవరో ఒకరు సొంత మాటల్లో చెప్పాలి. ఈ రెండింటిలో ఏది జరగకపోయినా రేపటి నుంచి మళ్లీ బోర్డే. టీచరమ్మ సరేనని వచ్చింది.

అట్లు సమరశంఖము పూరింపబడగా, కాగితపుండలు నిషిద్ధములగుటచే వాగ్బాణములే శరణ్యములై, ఎండసేనాని నదిని దాటుటకై తన బెంచీని ముందుకు ఈడ్చెను. ఈ సేనానిని తరగతిలో పొడుగోడు అంటారు. బెంచీ కాళ్లు గచ్చుపై పుట్టించిన ఘోష పక్క గదిని చేరింది. పక్క గదిలో ఉన్నది లెక్కల మాస్టారు. ఆయన గుమ్మంలోకి వచ్చారు.

"మేడమ్, వీళ్లు చదువుకుంటున్నారా, కొట్టుకుంటున్నారా?"

"చదువుకుంటున్నారు సర్."

"మా గోడకి అలా అనిపించట్లేదు."

వెనక కుర్చీలో హెడ్మాస్టరు గారిని చూసి, మిగతా మాట మింగి ఆయన వెళ్లిపోయారు. హెడ్మాస్టరు గారు వాచీ చూసుకున్నారు.

టీచరమ్మ కూడా చూసింది. సగం పీరియడ్ యుద్ధానికే పోయింది. ఆమె చేయెత్తి, ఇక చాలు, ఇరుపక్షాలూ సంధి చేసుకోండని ఆజ్ఞాపించింది. ఏ సంధి టీచర్ అని పొడుగోడు అడిగాడు. షరతుల గురించి అడుగుతున్నాడనుకుని, మీ ఇష్టం, మీరే తేల్చుకోండి అంది.

అంతకుముందు పీరియడ్‌లో ఈ తరగతికి జరిగింది తెలుగు వ్యాకరణం. ఆ సంగతి టీచరమ్మకు తెలియదు.

పొడుగోడు శత్రుసైన్యమధ్యము నుండి నిర్భయుడై నడచి, బోర్డును సమీపించి, సుద్దముక్కను ఖడ్గమువలె దూసి ఇలా రాశాడు: నీడ + ఎండ = నీడెండ. ఆపై సభకు అభిముఖుడై గొంతు సవరించుకున్నాడు.

"సమస్త ప్రజలారా, వినుడు. ఇరు రాజ్యములును నేటితో ఒక్కటైనవి. ఇది అత్వ సంధి. అయిపోయింది టీచర్, కూర్చోమంటారా?"

ఎండ రాజ్యం చప్పట్లు కొట్టింది. హెడ్మాస్టరు గారు జేబులోంచి పెన్ను తీశారు. టీచరమ్మకు ఆ పెన్ను కనిపించింది. అది కాదు నాన్నా, అని ఆమె మొదలుపెట్టేలోగా నీడ రాజ్యం నుంచి ఆ రాజ్య మంత్రిణి లేచింది. ఏ మాటనూ ఊరికే పోనివ్వదు కాబట్టి ఈ పిల్లను అందరూ లాయరమ్మ అంటారు.

"టీచర్, ఈ సంధికి మేం ఒప్పుకోం. ఇందులో మా అచ్చు పోయింది. నీడలో చివరున్న 'అ' ఎగిరిపోయింది. వాళ్ల 'ఎ' మాత్రం దర్జాగా అలాగే ఉంది."

"సంధి అంటేనే ఒకటి పోవాలి కదా," అన్నాడు పొడుగోడు.

"పోయేది మాదే ఎందుకు?"

"ముందున్నవాళ్లది పోతుంది. అది రూలు. నన్నంటావేంటి?"

"మమ్మల్ని ముందు పెట్టిందెవరు? రాసింది నువ్వేగా. ఎండ ముందు, నీడ వెనక రాయి చూద్దాం."

"అలా రాస్తే సంధే రాదు."

"రాకపోతే పోనీ. నీకొచ్చిన తొందరేంటి?"

టీచరమ్మ మొదలుపెట్టిన మాటను వదిలేసింది. బోర్డును చెరపలేదు. లాయరమ్మ వైపు తిరిగి, పాఠంలో రాజు కోట ఇచ్చేసి మరీ సంధికి ఒప్పుకున్నాడు కదా, ఎందుకంటావు అని అడిగింది. లాయరమ్మ బోర్డు వైపు ఒకసారి చూసింది.

"సుద్దముక్క అవతలివాళ్ల చేతిలో ఉండుంటుంది టీచర్. వాళ్లే రాసుంటారు, ఈ రాజుని ముందు పెట్టుంటారు. కోటలో నీళ్లయిపోయాయని పాఠంలోనే ఉందిగా. దాహంతో ఉన్నవాడు ఎవరి పేరు ముందుందో చూసుకుంటాడా? చదవకుండానే సరే అనుంటాడు."

అప్పుడు వెనక కుర్చీలోంచి ఒక స్వరం లేచింది. పండితుడి స్వరం. ఆ గదిలో ఎవరూ అంతకుముందు విన్నది కాదు.

"అత్వ సంధి నిత్యమా, బహుళమా?"

"బహుళం సర్," అంది తరగతి.

"అంటే?"

"రావచ్చు, రాకపోవచ్చు సర్."

"రాకపోతే ఏమొస్తుంది?"

"యడాగమం."

పొడుగోడు తను రాసినదాన్ని తనే చెరిపి, 'నీడయెండ' అని రాశాడు. పోయిన అచ్చు తిరిగి వచ్చింది. లాయరమ్మ దగ్గరికి వెళ్లి అక్షరం అక్షరం సరిచూసుకుంది. ఉభయ రాజ్యముల అచ్చులును అక్షతములై నిలిచినవి. రెండింటి మధ్య 'య' వచ్చి కూర్చుంది. మరి 'య' ఎవరు టీచర్ అని ఎవరో అడిగారు. పిల్లలు ఖాళీగా ఉన్న మధ్య వరసను చూశారు. నది ఇటువారిదీ కాదు, అటువారిదీ కాదు అని పొడుగోడు ప్రకటించాడు. మంచినీళ్ల సీసాలు మాత్రం ఇద్దరూ పెట్టుకోవచ్చని లాయరమ్మ చేర్చింది. గంట మోగింది.

హెడ్మాస్టరు గారు వరండాలో ఆగారు. టీచరమ్మ వెనకే వచ్చింది.

"పాఠంలో ఉన్న సంధి కుదరలేదు మేడమ్."

"కుదరలేదు సర్."

"అనుకున్నది రెండు. అయింది ఒకటి."

"అవును సర్."

ఆయన గుత్తిలో తాళంచెవి ఒకటి వెతికారు. దొరికింది. అయినా వెతుకుతూనే ఉన్నారు.

"ఆ పిల్ల చెప్పింది పుస్తకంలో ఎక్కడైనా ఉందా?"

"లేదు సర్."

"ఊఁ."

ఇట్లు, అష్టమకక్ష్యా ద్వితీయవిభాగ రణరంగమున, సేనలు రెండును నష్టము లేక నిలువగా, సుద్దముక్కను శత్రుహస్తమునకు విడిచి నిలిచిన చరిత్రోపాధ్యాయినికి విజయము సిద్ధించెను. వచ్చే బుధవారం ఇంకొక పీరియడ్ ఆమెకు ఇస్తున్నట్టు హెడ్మాస్టరు గారు మధ్యాహ్నం తెలిపారు. ఇది బి సెక్షన్‌కు మాత్రమే. ఎ సెక్షన్‌కు బోర్డు.