కుటుంబ ఖాతాలో ప్రపంచయాత్ర

ఆదివారం పొద్దున్న టీ తాగి, భోజనాల వేళకల్లా ప్రపంచయాత్రకు రెండు టికెట్లు తీసేసి, ఆపైన కాసేపు కునుకు తీయాలన్నది పథకం. ఇందులో కునుకు ఒక్కటే అనుమానం అనుకున్నాడు పాయింట్లాయన. ఎందుకంటే పక్కింట్లో గోడకు మేకులు కొడుతున్నారు.

ఆయన ఉద్యోగం లిఫ్టులు తనిఖీ చేయడం. ఊరూరా విమానాల్లో తిరుగుతాడు. అయినా వీధిలో ఎవరూ ఆయన్ని లిఫ్టుల ఇంజనీరు అనరు, పాయింట్లాయన అనే అంటారు. ప్రయాణానికి ఇన్ని పాయింట్లని విమానం కంపెనీ ఇస్తే, వాటిని కూడబెట్టడానికే తాను పుట్టాననుకున్న మనిషి. నేరుగా వెళ్ళే విమానం ఉన్నా, రెండుచోట్ల దిగి ఎక్కేదాన్ని వెతుక్కుని మరీ వెళ్ళేవాడు. హోటల్లో నలుగురు కలిసి తింటే అందరి దగ్గరా డబ్బు వసూలు చేసి, బిల్లు మాత్రం తన కార్డు మీద కట్టేవాడు. కార్డు గీసినప్పుడు తమ్ముడి ముఖంలో వచ్చే వెలుగు పెళ్ళి ఫోటోల్లో కూడా లేదని వాళ్ళక్క అంటుంది. అంత కూడబెట్టీ ఒక్కటంటే ఒక్క పాయింటు ఖర్చు పెట్టలేదు. "ఇప్పుడు వాడితే నష్టం" అనేవాడు. మరి ఎప్పుడు వాడితే లాభమో అడిగితే విసుక్కునేవాడు.

ఆయన భార్య హైస్కూల్లో భూగోళం టీచరు. భూమి గుండ్రంగా ఉందని ఏళ్ళ తరబడి పిల్లలకు నూరిపోస్తోంది కానీ, విమానం లోపల ఎలా ఉంటుందో ఆవిడే ఎరగదు. పసిఫిక్ మహాసముద్రంలో ఒక గీత ఉందని, అది దాటితే తేదీ మారిపోతుందని చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి, "మీరు దాటారా టీచర్?" అని అడుగుతారు. "కూర్చో" అంటుంది ఆవిడ. ఆ గీత దాటి రావాలన్నది ఆవిడకున్న ఒకే ఒక్క కోరిక. పెళ్ళయిన కొత్తలోనే మొగుడికి చెప్పింది. "వచ్చే ఏడు" అన్నాడాయన. ఆ వచ్చే ఏడు ఇంతవరకూ రాలేదు.

ఇప్పుడు మాత్రం తప్పించుకునే దారి లేదు. పాయింట్లతో భూమి చుట్టూ తిరిగొచ్చే టికెట్టును విమానం కంపెనీ ఎత్తేస్తోంది. ఆ ఆదివారం సాయంత్రంతో సరి. మళ్ళీ ఇవ్వరు.

"ఏమండీ, ఇవాళ కూడా నష్టమేనా?" అంది టీచరు, ఆయన్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి.

"ఛఛ! ఇవాళే అసలు లాభం. చూస్తూ ఉండు."

చూస్తూనే ఉంది. ఒక టికెట్టుకు పాయింట్లు బ్రహ్మాండంగా సరిపోయాయి. రెండోదానికి చారెడు తగ్గాయి. అయితేనేం, ఆయన బుర్ర చురుకైనది. విమానం కంపెనీలో కుటుంబ ఖాతా అని ఒకటుంది. చుట్టాలవీ స్నేహితులవీ పాయింట్లన్నీ ఒకరి పేరు మీద పోయవచ్చు. పోశాక వెనక్కి తీసుకోవడానికి మాత్రం లేదు. కొత్త మనిషి పేరు మీద ఖాతా తెరిస్తే కొన్ని పాయింట్లు ఉచితం. ఉచితం అన్న మాట కనపడ్డాక ఆయన కంటికి మిగతా షరతులు ఆనవు.

"నీ పేరు మీద తెరుస్తున్నానోయ్. ఇకనుంచి కుటుంబపెద్దవి నువ్వే. ఊరికే, పేరుకి."

టీచరు ఫోను టింగుమంది. ఆవిడ అందులో వచ్చిన అంకెలు చదివింది, ఆయన నొక్కాడు. ఇన్నేళ్ళ కష్టార్జితం భార్య ఖాతాలోకి వెళ్ళిపోయింది. ఉచితంగా వచ్చినవీ చేరాయి. అయినా ఇంకా కాసిని తక్కువే.

"అక్కని అడుగుతానుండు" అని ఫోను తీశాడు.

వాళ్ళక్క పెద్దాసుపత్రిలో హెడ్డునర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. ఎదుటివాళ్ళు కాదనడానికి నోరు తెరిస్తే అందులో థర్మామీటరు పెట్టే రకం.

"అక్కా, ప్రపంచయాత్రకి పాయింట్లు తగ్గాయి. నీ దగ్గరేమైనా ఉన్నాయా?"

"నా బంగారుకొండ! అక్కని తీసుకెళ్ళాలని ఇన్నాళ్ళకి తోచిందిరా నీకు! ఉన్నవన్నీ ఇప్పుడే పంపిస్తున్నా. నేనూ వెనకాలే వచ్చేస్తున్నా."

"అది కాదక్కా..." అనేలోపు వంటింట్లో టీచరు ఫోను టింగుమంది. మరి కాసేపటికి ఆటో ఆగింది. అక్కగారు దిగింది, ఆవిడ వెనకాల సూట్‌కేసు దిగింది.

"కాదని చెప్పొచ్చుగా?" అని గుసగుసలాడింది టీచరు.

"ఎలా చెప్పను? పోసేసిందిగా! వెనక్కి రావు."

ఆవిడ పోసినవి ఒక రెక్కకు కూడా చాలవు. పొద్దున రెండు టికెట్లకు కొంచెమే లోటు. ఇప్పుడు టికెట్లు మూడు, లోటు బోలెడు. దాన్ని పూడ్చడానికి బావమరిదికి కబురు వెళ్ళింది. అతను కార్ల షోరూములో మేనేజరు. బాగా అమ్మినందుకు కంపెనీ అప్పుడప్పుడూ విమానం ఎక్కిస్తుంటుంది.

"అక్క కోసం ప్రాణమైనా ఇస్తాను బావా, పాయింట్లెంత!" అన్నాడు అతను వస్తూనే. పోశాక మాత్రం, "కిటికీ సీటు నాదే. ముందే చెప్తున్నా" అన్నాడు.

టికెట్లు నాలుగయ్యాయి. లెక్క ఎక్కడ తేడా కొడుతోందో చూసిపెట్టమని పైవాటాలో ఉండే ఆడిటరుని పిలిచారు. ఆయన కళ్ళజోడు సవరించుకుని అంతా చూసి, అందరూ పోస్తున్నారు కదా అని మొహమాటానికి తనవీ పోశాడు. పోశాక ఊరుకుంటాడా?

"మా ఆవిడ లేకుండా నేను వీధి చివరికి కూడా వెళ్ళనండి" అన్నాడు సిగ్గుపడుతూ.

టికెట్లు ఆరు. ఆడిటరు కాగితం మీద కూడి, తీసి, మళ్ళీ కూడి నిట్టూర్చాడు. "ఒక్కొక్కళ్ళు చేరినకొద్దీ లోటు పెరిగిపోతోందండీ."

"అయితే ఇంకో ఇద్దర్ని పిలుద్దాం!" అన్నాడు బావమరిది. ఇలాంటి బుర్ర పెట్టుకుని కార్లు ఎలా అమ్ముతున్నాడో ఆ షోరూము వాళ్ళకే తెలియాలి.

ఈలోగా దారి గురించి తగువు మొదలైంది. ఈ టికెట్టుకు ఒక నియమం ఉంది. తూర్పుకు బయలుదేరితే చివరిదాకా తూర్పుకే వెళ్ళాలి, వెనక్కి తిరగడానికి వీల్లేదు. టీచరు గ్లోబు తెచ్చి తిప్పి మరీ చూపించింది.

"వెనక్కి తిరగకూడదేమిటి? దార్లో నా కళ్ళజోడు మర్చిపోతేనో?" అంది అక్కగారు.

"మర్చిపోకూడదు వదినా."

"అదెలా కుదురుతుందమ్మా? నేను ఎక్కడికెళ్ళినా మర్చిపోతాను."

ఆడిటరుకు చలి పడదు, గ్లోబు మీద తెల్లగా ఉన్నవన్నీ కొట్టేయమన్నాడు. బావమరిదికి కార్ల ఫ్యాక్టరీలు చూడాలని ఉంది. అక్కగారికి జలపాతం కావాలి, అదీ మెట్లు లేనిది. అందరి ముచ్చట్లూ తీరాలంటే విమానం ముగ్గుపిండి చల్లినట్టు అటూ ఇటూ తిరగాలి. పసిఫిక్ మహాసముద్రం వైపు వేలు పెట్టినవాళ్ళు లేరు. అక్కడ నీళ్ళు తప్ప ఏముందన్నాడు ఆడిటరు. టీచరు ఏదో చెప్పబోయింది. "ముందు టీ పెట్టమ్మా, తర్వాత చెబుదువుగాని" అంది అక్కగారు.

టీచరు వంటింట్లో పాలు స్టవ్ మీద పెట్టేసరికి, హాల్లో అక్కగారికి ఉపాయం తట్టింది.

"ఇదిగో అమ్మాయ్, కోప్పడకు. నువ్వు ఆగిపోయావనుకో, ఒక టికెట్టు తగ్గుతుంది. లెక్క దారికొస్తుంది. నువ్వు చూడని దేశం ఏముంది గనక? రోజూ పాఠం చెప్తూనే ఉంటావాయె!"

"అవునక్కా," అన్నాడు బావమరిది, ప్రాణమైనా ఇస్తానన్నవాడు. "నీకోసం బోలెడు ఫోటోలు తెస్తా."

"న్యాయంగానే ఉందండీ" అన్నాడు ఆడిటరు.

టీచరు వంటింటి గుమ్మంలోకి వచ్చి మొగుడి వంక చూసింది. ఆయన కంప్యూటరు వంక చూశాడు. తర్వాత గ్లోబు వంక చూశాడు. చివరికి నేల వంక చూస్తూ, "ఇంటి దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదోయ్. వచ్చే ఏడు మనిద్దరమే..." అని నసిగాడు.

ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. యాత్ర తనది, కోరిక తనది, ఆఖరికి బరువని దింపేసిందీ తననే. పొయ్యి మీద పాలు పొంగాయి. పొంగనీ అనుకుంది. ఫోను తీసి, తలుపు దగ్గరగా వేసి, విమానం కంపెనీకి చేసింది.

"నమస్కారమండీ. ఈ కుటుంబ ఖాతాకి పెద్ద ఎవరండీ?" అని అడిగింది అవతలి అమ్మాయి.

ఆ ఇంట్లో ఈ ప్రశ్న ఎవరూ ఎప్పుడూ వేయలేదు. టీచరు వీపు దానంతటదే నిటారుగా అయింది.

"నేనేనమ్మా."

"ఎంతమందికి కావాలండీ?"

"ఒక్కరికే. తూర్పుకి బయలుదేరి, పసిఫిక్ దాటి, మళ్ళీ ఇంటికే రావాలి."

"ఒక్కరికైతే చాలా ఎక్కువే ఉన్నాయి మేడమ్. ముందు వరసలో ఇమ్మంటారా? కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు."

"మా ఆయన పోసినవాటితోనే సరిపోతుందా? మిగతా వాళ్ళవి ముట్టుకోకు తల్లీ."

"సరిపోతుందండీ. ఇంకా కాసిని మిగులుతాయి."

"అయితే ఇచ్చెయ్యమ్మా. ముందు వరసే ఇచ్చెయ్!"

ఫోను టింగుమంది. ఈసారి వచ్చిన అంకెలను ఆవిడ హాల్లోకి వినపడేలా కాక, ఆ అమ్మాయి ఒక్కదానికే చదివి చెప్పింది.

హాల్లో ఆడిటరు చివరిసారి లెక్క సరిచూద్దామని మీట నొక్కి, "అయ్యబాబోయ్!" అని కుర్చీలోంచి లేచాడు. "పాయింట్లు పోయాయండీ! సగానికి పైగా పోయాయి! ఎవడో దొంగ దూరాడు!"

పాయింట్లాయన గుండె పట్టుకున్నాడు. అక్కగారు అలవాటు కొద్దీ ఆయన నాడి పట్టుకుంది. బావమరిది పోలీసులకు ఫోను చేయబోయాడు. అప్పుడు టీచరు టీ ట్రేతో వచ్చింది. పాలు పొంగగా మిగిలినవి కాబట్టి టీ కాస్త నల్లగా ఉంది.

"దొంగ లేదు, దొర లేదు. నేనే టికెట్టు తీసుకున్నాను. ఒకటే. నాకు."

మొదట తేరుకున్నది అక్కగారే. "ఎవర్నడిగి తీసుకున్నావు?"

"కుటుంబపెద్దని అడిగాను వదినా. సరేనంది."

"మరి నేనోయ్?" అన్నాడు పాయింట్లాయన, తప్పిపోయిన పిల్లాడిలా.

"మీరిన్నేళ్ళూ ఒక్కరే తిరిగారుగా. నేనెప్పుడైనా అడ్డుపడ్డానా? ఇంటి దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. ఈసారి మీరుండండి."

"మా పాయింట్లు మాకు ఇచ్చెయ్" అంది అక్కగారు.

"వెనక్కి రావు వదినా, మీ తమ్ముడు చెప్పలేదా? కానీ మీవేవీ ముట్టుకోలేదు. ఎవరివి వాళ్ళకే. ఎక్కడికెళ్ళాలో నాకు చెప్తే నేనే టికెట్టు తీసిపెడతాను. తిరిగొచ్చాక వీలు చూసుకుని."

అక్కగారు మరదలిని కింది నుంచి పైదాకా చూసింది. ఆసుపత్రిలో అన్నేళ్ళు ఎంతోమందిని హడలెత్తించిన మనిషి. ఇలా మాట్లాడగలిగినవాళ్ళు ఆవిడకు ఎప్పుడోగాని తగల్లేదు. ఉన్నట్టుండి విరగబడి నవ్వింది. "శభాష్ అమ్మాయ్! ఒరేయ్ తమ్ముడూ, అలా చూస్తావేంరా? లేచి పొయ్యి తుడు." ఆయన లేచి తుడిచాడు.

టీచరు బయలుదేరిన రోజున విమానాశ్రయానికి అందరూ వచ్చారు. ఆవిడ వెనక్కి తిరిగి ఒక్కసారి చెయ్యూపి, ముందు వరస వాళ్ళ ప్రత్యేక ద్వారంలోంచి తలెత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకు మహాసముద్రం మీంచి ఫోను చేసింది.

"దాటానండీ! ఇప్పుడే దాటాను! ఇవాళ మళ్ళీ నిన్నయిపోయింది!" అని చిన్నపిల్లలా అరిచింది. కిటికీలోంచి గీత కనపడలేదట, అయినా లేచి నిలబడి చప్పట్లు కొట్టిందట, పక్క సీట్లవాళ్ళు కూడా కొట్టారట. అంత సంతోషం ఆ గొంతులో పాయింట్లాయన ఎప్పుడూ వినలేదు. సంతోషించాడు కూడా, నిజంగానే.

ఫోను పెట్టేశాక ఆయన కళ్ళు తుడుచుకుంటుంటే భార్య మీద బెంగేమో అనుకుని అక్కగారు వీపు నిమిరింది కానీ, పాయింట్లతో తీసిన టికెట్టుకు పాయింట్లు రావన్న సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఆయనకు అలాగే అవుతుంది.