అత్తగారి మోకాళ్ళూ, పసుపు తెరలూ

ఆ ఇంట్లో చలి పోయిందని చెప్పేది క్యాలెండరు కాదు, అత్తగారి మోకాళ్ళు. ఆవిడ కుర్చీలోంచి "అమ్మా" అనకుండా లేచిన రోజున కిటికీల మందపాటి తెరలు దిగి, పల్చటి పసుపు తెరలు ఎక్కుతాయి. పూలకుండీలు వరండాలోకి వస్తాయి. కోడలు కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఇదే పద్ధతి.

ఈసారి మంగళవారం పొద్దున అత్తగారు చప్పుడు లేకుండా లేచి, తన కాఫీ తనే కలుపుకొచ్చారు.

కోడలు మందపాటి తెరల వైపు చూసింది. నిరుడు తెరలు మార్చిన మూడో నాడే చలి వెనక్కి తిరిగొచ్చింది. ఆ పసుపు తెరలు కొత్తగా కుట్టిన తన కూతురే వారం రోజులు జ్వరంతో పడుకుంది. ఇప్పుడా పిల్ల వేరే ఊళ్ళో కుట్టుపని నేర్చుకుంటూ, ఆదివారం ఒక్కరోజుకు ఇంటికి వస్తోంది.

"అత్తయ్యా, ఈ వారం కాస్త నొప్పి అనరూ," అని గొంతు తగ్గించి అడిగింది.

"లేని నొప్పి ఎక్కణ్ణుంచి తేను?"

"ఉన్నప్పటిది గుర్తు తెచ్చుకోండి."

అత్తగారు కోడలి మొహంలోకి చూసి సరేనన్నారు.

చిన్న మూలుగుతో సరిపెడతారనుకుంది. ఆవిడ మొదలుపెట్టేసరికి వీధి చివర పడుకున్న కుక్క లేచి కూర్చుంది.

భర్తది కళ్ళద్దాల దుకాణం. ఊరందరి చూపూ సరిచేసే మనిషి, ఇంట్లో నాటకాన్ని పసిగట్టినట్టు లేదు. బుధవారం తైలం తెచ్చాడు. గురువారం వేడినీళ్ళ సంచి తెచ్చాడు. శుక్రవారం ఏకంగా డాక్టరునే తెచ్చాడు.

డాక్టరు ఎడమ మోకాలు నొక్కితే అత్తగారు కుడి మోకాలు పట్టుకుని మూలిగారు.

"ఇలాంటి నొప్పి నేనెప్పుడూ చూళ్ళేదు," అంటూ ఆయన సంచీ సర్దుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం భర్త ఫోను చేతిలోకి తీసుకున్నాడు. "అమ్మకింత బాగాలేకపోతే పిల్లను రావద్దందామా? వచ్చిందంటే పనంతా నెత్తినేసుకుంటుంది."

కోడలు చప్పున అడ్డొచ్చింది.

"వద్దండీ. అత్తయ్యకి నొప్పి లేదు. నేనే అనమన్నాను."

ఆయన ఉలిక్కిపడలేదు. ఫోను జేబులో పెట్టుకున్నాడు. అత్తగారు చప్పుడు లేకుండా లేచి, తలగడ కింద నుంచి ఇస్త్రీ చేసిన పసుపు తెరలు తీశారు.

"ఈ మాట కోసం మూలిగి మూలిగి గొంతు పోయిందే," అన్నారు. "నాకు మూలుగు నువ్వు నేర్పావు. 'రావద్దందామా' అనడం వాడికి నేను నేర్పాను."

"డాక్టరు?"

"పాపం, ఆయనకేం తెలీదు," అన్నాడు భర్త.

కోడలు కొంగుతో మొహం తుడుచుకుంది. "మళ్ళీ చలి వస్తేనో?"

"వస్తే మళ్ళీ మూలుగుతాలే. అప్పుడు నిజంగానే."

సాయంత్రానికి పసుపు తెరలు ఎక్కాయి. మందపాటివి అటకెక్కలేదు, చేతికందేలా మంచం కిందికి వెళ్ళాయి.

ఆదివారం ఎండలో కూతురు వచ్చి గుమ్మంలో నిలబడింది. ఒంటి మీద రెండు స్వెట్టర్లు, చెవుల చుట్టూ మఫ్లరు, మొహమంతా చెమట.

"నాన్నమ్మ ఫోన్లో అంతా చెప్పింది. అమ్మా, ఇప్పుడు విప్పొచ్చా?"

తల్లి పసుపు తెర పక్కకు జరిపి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి గాలి చూసింది.

"ఒకటి," అంది.