నాంచారమ్మకు ఉత్సాహం ఎక్కించిన వైనం

అడవి చాలా పెద్దది. ఏరు మాత్రం ఒక్కటే.

ఎండలు ముదిరితే ఆ ఏరు కూడా ఎండిపోయి ఇసుక తేలేది. అప్పుడు అడవి బతకాలంటే ఇసుకలో గుంటలు తవ్వి, అందులో ఊరే నీళ్లు తాగాలి. ఆ గుంటలనే చెలమలంటారు. వాటికోసం మృగరాజుగారు చెలమల శాఖ అని ఒక ఆఫీసు పెట్టారు.

ఆ ఆఫీసులో పదకొండేళ్లుగా తవ్వుతున్నది సూదుల నాంచారమ్మ అనే ఏదుపంది. ఒంటినిండా ముళ్లున్నా ఆవిడ ఇంతవరకు ఎవరినీ గుచ్చింది లేదు. ఎవరైనా వచ్చి గుచ్చుకుంటే అది వేరే సంగతి. ఎక్కడ తవ్వితే నీళ్లు పడతాయో ఇసుక వాసన చూసి చెప్పేసేది. ఆవిడ కింద అడవిపంది కోటయ్య పనిచేసేవాడు. ఆవిడ గోళ్లతో తవ్వేది, అతను మూతితో ఇసుక బయటికి నెట్టేవాడు.

ఆ ఏడు పెద్ద చెలమాధికారి ఏనుగుగారు రిటైరయ్యారు. ఆయన కూర్చునే పెద్దరాయి ఇక నాంచారమ్మదేనని అడవంతా అనుకుంది. నాంచారమ్మ పైకి "ఏమో, చూద్దాం" అనేది గానీ, ఎవరూ లేనప్పుడు ఆ రాతిమీద రెండుసార్లు కూర్చుని చూసుకుంది కూడా.

ఉత్తర్వు వచ్చింది. కోటయ్య చదివాడు. మళ్లీ చదివాడు. తిరగేసి వెనకవైపు కూడా చూశాడు.

"అక్కా, ఇందులో నెమలి అని ఉంది."

"ఏ నెమలి?"

"పింఛాల విలాసరావు. మృగరాజుగారి పుట్టినరోజున నాట్యం చేశాడే, అతనే."

"అతనికి తవ్వడం వచ్చా?"

"ఆ సంగతి ఉత్తర్వులో రాయలేదక్కా."

నాంచారమ్మ సగం తవ్విన చెలమను సగంలోనే వదిలేసి, బొరియలోకి వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది. అరిగిపోయిన గోళ్లు చూసుకుంటే ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువగా, ఆ రాతిమీద రెండుసార్లు కూర్చున్నందుకు సిగ్గేసింది.

మర్నాటి నుంచి ఆఫీసుకు వెళ్లడం మానలేదు. వెళ్లేది, వచ్చేది. రోజుకు మూడు చెలమలు తవ్వే చోట ఒకటి తవ్వేది. అది కూడా నీళ్లు పడీపడకముందే "ఇక చాల్లే" అని లేచిపోయేది. ఆవిడను చూసి మిగతావాళ్లు కూడా అలాగే తయారయ్యారు.

ఈ సంగతి మంత్రి గుంటనక్క యుగంధరం చెవిన పడింది. అతను పరుగున వెళ్లి మృగరాజుగారికి దండం పెట్టాడు.

"ప్రభూ, చెలమలు తగ్గిపోతున్నాయి. కారణం కనిపెట్టాను. సిబ్బందిలో ఉత్సాహం లేదు."

"ఎందుకు లేదు?"

"అది కనిపెట్టాలంటే కమిటీ వెయ్యాలి ప్రభూ. ఈలోపల ఉత్సాహం బయటినుంచి తెప్పిద్దాం."

"బయట దొరుకుతుందా?"

"పక్క అడవిలో చలపతి అని ఒక కొండముచ్చు ఉన్నాడు. ఉత్సాహం ఎక్కించడమే అతని వృత్తి. మొన్న ఒక తాబేలు చేత పిల్లిమొగ్గలు వేయించాడట. పాపం అది ఇప్పటికీ వెల్లకిలానే ఉందట గానీ, మొహంలో వెలుగు మాత్రం తగ్గలేదట."

మృగరాజు ముగ్ధులైపోయారు. మూడు రోజుల ఉత్సాహ శిబిరం, ఏటి గట్టున, హాజరు తప్పనిసరి, ఆ మూడు రోజులూ తవ్వకాలు బంద్ అని చాటింపు వేశారు.

మొదటిరోజు చలపతి చెట్టు చివరినుంచి దూకి అందరి మధ్యన దిగాడు.

"నేనెవరిని?" అని అరిచాడు.

"కొండముచ్చు" అన్నారు అందరూ.

"కాదు! నేను తుఫాను!"

అందరూ ఆకాశంవైపు చూశారు. మబ్బు తునక కూడా లేదు.

"మీలో ఒక్కొక్కరిలో ఒక్కొక్క పులి దాగి ఉంది!" అన్నాడు చలపతి.

ఆ మాట వినగానే జింకలన్నీ ఒకదాన్నొకటి అనుమానంగా చూసుకుని, ఒక్కసారిగా తలోదిక్కుకు పరుగెత్తాయి. వాటిని నచ్చజెప్పి వెనక్కి తీసుకొచ్చేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ అయింది.

భోజనాలయ్యాక చలపతి గుంపంతా కలయజూశాడు. చివర్న తల వంచుకుని కూర్చున్న నాంచారమ్మ కనిపించింది.

"ఆహా! ఈ మొహంలో ఎంత నిరాశ! అమ్మా, ఇలా రా. నిన్ను గుండెలకు హత్తుకుంటాను. నీ నిరాశంతా నాలోకి వచ్చేస్తుంది."

"వద్దు బాబూ" అంది నాంచారమ్మ, కంగారుగా వెనక్కి జరుగుతూ.

"వద్దు అనే మాటే మనకు వద్దు!" అని చలపతి రెండు చేతులూ చాచి ఆవిడను గట్టిగా కౌగిలించుకున్నాడు.

తర్వాత అతను వేసిన గంతు ఆ అడవిలో అంతకుముందు ఎవరూ వెయ్యలేదు. "అమ్మోయ్!" అని కేక పెట్టి, మోదుగ చెట్టంత ఎత్తుకు లేచి, గాల్లోనే రెండుసార్లు తిరిగి, ఛాతీ పట్టుకుని గుండ్రంగా పరుగెత్తాడు.

"ఇది కదా ఉత్సాహమంటే!" అన్నారు మృగరాజు.

పాఠం ఇదే కాబోలనుకుని అడవంతా లేచి నిలబడింది. కుందేళ్లు, దుప్పులు, అడవిదున్నలు అన్నీ "అమ్మోయ్!" అని అరుస్తూ ఛాతీ పట్టుకుని గంతులేశాయి. ఒక ముసలి ఉడుమైతే పట్టుకోవడానికి ఛాతీ ఎక్కడుందో తెలియక పక్కవాడి ఛాతీ పట్టుకుని ఎగిరింది. యుగంధరం వెంటనే "అమ్మోయ్ గంతు"ను చెలమల శాఖ అధికారిక గంతుగా ప్రకటిస్తూ ఉత్తర్వు రాసేశాడు.

శిబిరం మూడు రోజుల్లో అయిపోయిందిగానీ ఉత్సాహం ఆగలేదు. ఇక రోజూ ఉదయం పని మొదలుపెట్టేముందు గంతులు, చప్పట్లు. ఎవరు ఎంత ఎత్తు ఎగిరారో, ఎంత గట్టిగా చప్పట్లు కొట్టారో కాకులు కొమ్మలమీద కూర్చుని మార్కులు వేసేవి. మార్కులు బాగా రావాలని అందరూ మధ్యాహ్నం దాకా గంతులేసేవారు. మధ్యాహ్నం నుంచి ఆయాసపడేవారు. సాయంత్రానికి "రేపు ఇంకా బాగా ఎగరాలి" అని ఇళ్లకు పోయేవారు.

తవ్వేవాళ్లు లేరు.

నాంచారమ్మ కాళ్లు పొట్టి. ఎంత ఎగిరినా బెత్తెడు కంటే పైకి లేవలేదు. చప్పట్లు కొడదామంటే చేతులనిండా ఇసుక. ఆవిడకు మెమో వచ్చింది.

"మీ ఉత్సాహం సున్నా. కావున మిమ్మల్ని తవ్వకం పనినుంచి తప్పించి, గంతుల స్థలంలో ఆకులు ఊడ్చే పనికి మార్చడమైనది."

కోటయ్యకు మాత్రం పూర్తి మార్కులు. అతను ఎగిరి పొట్టమీద పడితే వచ్చే చప్పుడును కాకులు చప్పట్ల కింద జమకట్టాయి. ఉత్తమ ఉత్సాహి అని అతని చెవికి ఒక పెద్ద టేకాకు గుచ్చారు.

"అక్కా, నేనిప్పుడు పులినట" అన్నాడు కోటయ్య, చెవి సర్దుకుంటూ.

"సంతోషం తమ్ముడూ. నీళ్లు తాగావా?"

కోటయ్య తల దించుకున్నాడు. "రెండు రోజులైందక్కా."

నాంచారమ్మ చీపురు పట్టుకుని వెళ్లిపోయింది. కోటయ్యమీద కోపం రాలేదు గానీ, తను తవ్వనందుకు తనమీద తనకే ఏదోలా అనిపించింది. పెద్దరాయి దక్కలేదని అలిగింది. అలిగితే మృగరాజుకేమీ కాలేదు. ఎండిపోయింది కోటయ్య గొంతు.

చివరికి అడవి మొత్తానికి ఒకే ఒక్క చెలమ మిగిలింది. మృగరాజుగారికి నీళ్లు దగ్గరగా ఉంటాయని, ఉత్సాహ మహాసభ ఆ చెలమ గట్టునే పెట్టారు. చీమ దగ్గర్నుంచి ఏనుగు దాకా అందరూ వచ్చారు.

"ఈరోజు మనం ఎగిరే ఎగురు చరిత్రలో నిలిచిపోవాలి!" అన్నాడు చలపతి. "ఒకటి! రెండు! మూడు!"

"అమ్మోయ్!" అని అడవంతా ఒక్కసారి ఎగిరింది. ఒక్కసారే కింద పడింది. పన్నెండు ఏనుగులు కూడా కింద పడ్డాయి.

గట్టు ఇసుక సర్రున జారింది. చెలమ గుబుక్కుమంది. మరుక్షణం అక్కడ చెలమ లేదు, చదునైన ఇసుక ఉంది.

మృగరాజు లేచి వచ్చి పంజాతో ఇసుకను తట్టి చూశారు.

"నీళ్లేవి?"

"నీళ్లు లేవనుకోవడమే నీరసం ప్రభూ" అన్నాడు చలపతి. "ఉన్నాయనుకోండి!"

మృగరాజు కళ్లు మూసుకుని కాసేపు అనుకున్నారు. నాలుకతో పెదాలు తడుపుకోబోయారు. నాలుకే ఎండిపోయి ఉంది. గట్టిగా గర్జించబోతే అది పొడిదగ్గై బయటికొచ్చింది.

గుంపు చివర్న చీపురు పట్టుకుని నిలబడ్డ నాంచారమ్మ ఇదంతా చూసింది. ఒక ముసలి దుప్పి వచ్చి, చెలమ పూడిన చోట తడి ఇసుకను నాకడం కూడా చూసింది. ఆవిడ చీపురు పక్కన పడేసి, ఎవరికీ చెప్పకుండా ఏటి వంపువైపు నడిచింది.

అక్కడ నాలుగు తుంగపోచలు పచ్చగా ఉన్నాయి. వంగి ఇసుక వాసన చూసింది. తవ్వడం మొదలుపెట్టింది. రెండు జానలు దిగాక గోళ్లకు చల్లగా తగిలింది. పదకొండేళ్లలో వేలసార్లు తగిలిన తడే. అయినా ఆవిడ ముళ్లన్నీ గలగలమంటూ లేచి నిలబడ్డాయి.

"నాంచారమ్మగారూ" అని వెనకనుంచి ఎవరో పిలిచారు.

చూస్తే విలాసరావు. దాహంతో మెడ వాలిపోయి ఉంది.

"ఆకులు ఊడవలేదని మెమో ఇవ్వడానికొచ్చారా అయ్యగారూ?"

"కాదండీ. ఒక మాట చెప్పుకోవాలని వచ్చాను. ఆ పదవి నేనడగలేదు. నాట్యం బాగుందంటే దండం పెట్టానంతే. మర్నాడు ఉత్తర్వొచ్చింది. కాదంటే మృగరాజుగారికి కోపమొస్తుందేమోనని నోరు మూసుకున్నాను. నాకు తవ్వడం రాదండీ. రోజూ ఆ రాతిమీద కూర్చుని, ఎవరైనా ఏదైనా అడుగుతారేమోనని వణికిపోతున్నాను."

నాంచారమ్మ ఇతనికోసం చాలా మాటలు దాచిపెట్టుకుని ఉంది. అన్నీ పదునైనవే. తీరా మనిషిని చూశాక వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు. ఆవిడ చూపు అతని కాళ్లమీదికి పోయింది. అతను గబుక్కున ఈకలు కిందికి దించి వాటిని కప్పేశాడు.

"ఏవీ, ఆ కాళ్లు చూపించండి."

"వద్దండీ. బాగుండవు. నాట్యమప్పుడు కూడా జనం పింఛమే చూడాలని నేను పడే పాట్లు..."

"నాట్యం కోసం కాదు. చూపించండి."

సిగ్గుపడుతూ చూపించాడు. కోడికాళ్లే, కాకపోతే రెండింతలు బలంగా ఉన్నాయి. గోళ్లు వంకర తిరిగి, కొడవళ్లలా ఉన్నాయి.

"ఇంత బంగారంలాంటి గోళ్లు పెట్టుకుని దాచుకుంటారా ఎవరైనా? గీకండి!"

విలాసరావు గీకాడు. ఇసుక బుస్సున లేచి నాంచారమ్మ మొహాన పడింది. ఆవిడ ఏడుసార్లు తుమ్మింది. ఏడో తుమ్ముకి నవ్వొచ్చింది. నవ్వుతుంటే ముళ్లు గలగల్లాడాయి, ఆ చప్పుడుకి విలాసరావూ నవ్వాడు. నవ్వుతూనే ఇంకా గట్టిగా గీకాడు. ఆ గలగల విని కోటయ్య పరుగున వచ్చాడు. చెవికున్న ఆకు అడ్డొస్తోందని పీకి, పనిలో పనిగా దాన్ని నమిలి మింగేసి, మూతితో ఇసుక నెట్టడం మొదలుపెట్టాడు.

"ఊరుతోందక్కా! ఊరుతోంది!"

ఆ కేకకు అడవంతా వచ్చింది. ముసలి దుప్పి ముందు తాగింది. తర్వాత ఎవరి వంతుకి వాళ్లు తాగారు. మృగరాజు తాగి, మీసాలు తుడుచుకుని, నాంచారమ్మను దగ్గరికి పిలిచారు.

"నాంచారమ్మా, నీకు రావలసిన పదవి ఇంకొకరికిచ్చాం. సున్నా వేశాం. చీపురు చేతికిచ్చాం. అయినా తవ్వావు. ఇంత ఉత్సాహం నీకెక్కడినుంచి వచ్చింది?"

"నా శిబిరం నుంచి ప్రభూ!" అన్నాడు చలపతి.

"ఉత్సాహమేమీ లేదు ప్రభూ" అంది నాంచారమ్మ. "దాహమేసింది."

"అంతేనా?"

"కొంచెం కోపం కూడా వచ్చింది."

మృగరాజు మీసాలు మరోసారి తుడుచుకున్నారు. "సరే, ఏం కావాలో కోరుకో" అన్నారు.

"పదవి సంగతి తర్వాత చూసుకోవచ్చు ప్రభూ. ముందు ఏటి గట్టున ఈ గంతులు, చప్పట్లు ఆపించండి. ఇసుక జారుతోంది."

"ఎంత గొప్ప మాట!" అని అడవంతా లేచి చప్పట్లు కొట్టింది.

ఇసుక జారి కొత్త చెలమ సగం పూడింది.

మృగరాజుకు ఈసారి నిజంగానే భయమేసింది. అక్కడికక్కడే రెండు ఉత్తర్వులు ఇచ్చారు. మొదటిది, నాంచారమ్మే పెద్ద చెలమాధికారి. రెండోది, అడవిలో చప్పుడు తగ్గించడానికి వెంటనే నిశ్శబ్ద శాఖ ఏర్పాటు.

"ఆ శాఖకు అధికారి ఎవరు ప్రభూ?" అని అడిగాడు యుగంధరం.

"అనుభవమున్నవాడెవరు?"

"చలపతి ప్రభూ. అతను నోరు తెరిచాక ఇంకెవరూ మాట్లాడగా నేను చూడలేదు."

అలా చలపతి నిశ్శబ్దం గురించి రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా గొంతు చించుకుని ఉపన్యాసాలివ్వడం మొదలుపెట్టాడు. అధికారులంతా హాజరు కావాలి. అందులోనూ పెద్ద చెలమాధికారి ముందు వరసలో కూర్చోవాలి, ఆ హోదాలో ఉన్నవారు చేతికి ఇసుక అంటించుకోకూడదు అని రూలు కూడా వచ్చింది.

నాంచారమ్మకు మళ్లీ గుండె జారింది. పదకొండేళ్లు ఎదురుచూసిన రాయి దక్కింది, గోళ్లకు పని పోయింది.

"మీరు దిగులుపడకండి" అన్నాడు విలాసరావు. "రేపు మీటింగుకి నేనూ వస్తాను."

మర్నాడు అతను ఆవిడకు సరిగ్గా ముందు కూర్చున్నాడు. చలపతి "నిశ్శబ్దం!" అని మొదటి కేక పెట్టగానే, భక్తితో పరవశించినట్టు మొహం పెట్టి, బారెడు పింఛం పురి విప్పాడు. ఆ పింఛం వెనక ఎవరున్నారో, ఎవరు లేరో మృగరాజుకూ కనపడలేదు, కాకులకూ కనపడలేదు.

అప్పటికే నాంచారమ్మ, కోటయ్య ఏటి వంపులో మూడో చెలమ తవ్వుతున్నారు. మీటింగు మధ్యలో భోజనాలకు వదిలినప్పుడు విలాసరావు కూడా పరుగెత్తుకొచ్చి నాలుగు గీకులు గీకి పోయేవాడు.

ఆ వేసవిలో అడవిలో ఎవరికీ గొంతు ఎండలేదు. అందుకుగాను నిశ్శబ్ద శాఖకు ఉత్తమ శాఖ బహుమతి వచ్చింది.

నీతి: ఉద్యోగంలో ఉత్సాహం చావకుండా ఉండాలంటే, మీటింగులో మన ఖాళీ కుర్చీకి అడ్డంగా కూర్చునే స్నేహితుడు ఒకడుండాలి.